బీ సైడు దాకా విన్న కాలం

ఉత్తర తెలంగాణ నేల మీద పుట్టిన రాక్ ఆల్బమ్‌లలో అన్నిటికన్నా గొప్పది ఏదని ఎవరన్నా అడిగితే నేను మిద్దె రాములు ఒగ్గు కథగా చెప్పిన ఎల్లమ్మ కథ పేరు చెబుతాను. గిటారు లేదు, ఇంగ్లిష్ లేదు, అది రాక్ ఎట్లయితదని వాదించేవాళ్లున్నారు. వాళ్లను డోలు మొదలయ్యే చోట కూర్చోబెట్టాలని నాకు మహా కోరిక. ఒగ్గు కథలో డోళ్లు కథ వెనక నడవవు, కథను ముందుకు తోస్తాయి. తాళాల మోత పెరిగి పెరిగి, ఇక చెవులు తట్టుకోలేవనుకున్నప్పుడు అన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. ఆ ఖాళీలోంచి రాములు గొంతు ఒక్కటే లేస్తుంది. లెడ్ జెప్పెలిన్ బృందంలో జాన్ బోనమ్ డ్రమ్ముల మీద చేసిన పని, వేములవాడ పక్కన హనుమాజిపేట మనిషి రాములు డోళ్ల నడుమ నిలబడి చేసిన పని నా చెవికి ఒక్కటే. కూర్చున్నవాణ్ని లేవనీయరు.

ఆ కూర్చోవడం మా దగ్గర ఎట్లా పోయిందో చెప్పాలని ఇది రాస్తున్నాను. పాటలు పోలేదు. పాటలకేం, మునుపటికన్నా ఎక్కువే ఉన్నాయి. పోయింది ఆల్బమ్. ఒక చోట మొదలై ఒక చోట ముగిసే, నడుమ వరుస మార్చడానికి వీల్లేని, ఏ సైడు అయిపోయాక తిప్పి బీ సైడు వేసుకుని పూర్తిగా వినే ఆల్బమ్. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో అది ఒక తరం పాటు రాజ్యమేలింది. ఆ రాజ్యం కూలిన తీరు మీద ఎవరూ ఒక పాటైనా కట్టలేదు.

క్యాసెట్‌ను ఫిలిప్స్ కంపెనీ 1963లో బయటికి తెచ్చింది. మా పల్లెలకు మాత్రం అది గల్ఫ్ పోయినవాళ్ల సామాన్లలో వచ్చింది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి దుబాయ్, మస్కట్, సౌదీ పోయినవాళ్లు సెలవు మీద వస్తే సెంటు సీసా, మెత్తటి దుప్పటి, టేప్ రికార్డర్ తేకుండా రాలేదు. నేషనల్ పానసోనిక్ అన్న పేరు అక్షరం రాని ముసలవ్వ నోట కూడా తిరిగింది. రెండు స్పీకర్ల టేపున్న ఇల్లు వాడకట్టులో పెద్దిల్లు.

ఆ టేపును అందరికన్నా ఎక్కువ విన్నది బీడీలు చేసే ఆడవాళ్లు. ఒడిలో చాట, చాటలో తంబాకు, కత్తిరించి పెట్టుకున్న తునికాకు, పక్కన దారం. వెయ్యి బీడీలు అయ్యేదాకా లేవడానికి లేదు. చేతులకు తెరిపి లేని పని, చెవులకు మాత్రం కావలసినంత తీరిక. నాలుగైదు క్యాసెట్ల సెట్టుగా వచ్చే ఒగ్గు కథకు అంతకన్నా మంచి శ్రోతలు ఎక్కడ దొరుకుతారు? సైడు అయిపోయి మీట టక్కున పైకి లేస్తే తంబాకు చేతులతో ముట్టుకోలేక మమ్మల్ని కేకేసేవాళ్లు. "తిప్పు బిడ్డా జల్ది, పరశురాముడు గొడ్డలి పట్టిండు" అనేవాళ్లు. తల్లి తల మీదికి కొడుకు గొడ్డలి ఎత్తిన ఘట్టంలో ఎవరైనా ఓపిక పడతారా! ఆల్బమ్ వినడమంటే ఏమిటో నాకు నేర్పింది ఆ అవ్వలే. నడుమ నుంచి పెట్టనిచ్చేవాళ్లు కాదు. నచ్చిన చోటికి ఉరికించనిచ్చేవాళ్లు కాదు. ఎల్లమ్మ పుట్టుక వినకుండా ఎల్లమ్మ దుఃఖం వింటే పాపమన్నట్టు చూసేవాళ్లు.

గల్ఫ్‌కు ఉత్తరాలు కూడా టేపు మీదనే పోయేవి. రాయడం రాని తల్లులు, చదవడం రాని కొడుకులు. కొత్త క్యాసెట్ కొనడం దండుగనిపించి ఇంట్లో ఉన్న క్యాసెట్ మీదనే మాటలు ఎక్కించేవాళ్లు. మా వాడకట్టులో తిరిగిన ఎల్లమ్మ కథ సెట్టు అట్లా మస్కట్ దాకా పోయి వచ్చినది. అందులో ఒక సైడు నడుమ డోలు హఠాత్తుగా తెగిపోయి ఒక తల్లి గొంతు మొదలయ్యేది. బర్రె ఈనిందని, చెల్లె పెండ్లికి తెచ్చిన అప్పు అట్లనే ఉన్నదని, నీ బిడ్డకు పండ్లు వచ్చినయని, ఎండల తిరగకు కొడుకా అని. వెనక ఎక్కడో కోడి కూసేది, ఎవరో బిందె దించేవాళ్లు. కాసేపటికి మళ్లీ డోలు. ఆ చోట అసలు కథలో ఏం జరుగుతుందో నాకు చాలా ఏళ్లు తెలియదు. తర్వాత వేరే సెట్టులో విన్నప్పుడు కథ పూర్తయిందన్న సంతోషం రాలేదు, ఆ తల్లి లేదే అనిపించింది.

కరీంనగర్‌లో చదువుకునే రోజులకు టవర్ సర్కిల్ చుట్టూ సందుల్లో రికార్డింగ్ షాపులు. గుల్షన్ కుమార్ 1983లో పెట్టిన సూపర్ క్యాసెట్స్ కంపెనీ, దాన్ని చూసి ఇంకెన్నో కంపెనీలు, క్యాసెట్‌ను సామాన్యుడి జేబుకు అందే ధరకు దించాయి. ఖాళీ క్యాసెట్ కొనుక్కుని, కాగితం మీద పాటలు రాసిస్తే షాపాయన రెండు డెక్కుల టేపులో ఎక్కించి ఇచ్చేవాడు. అట్ట లోపల బాల్‌పెన్నుతో పాటల పేర్లు రాసేవాడు. ఆయన చేతిరాతే మాకు ముద్రణ.

అదే షాపులో పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బృందం పాటల నా క్యాసెట్ తయారైంది. అసలు క్యాసెట్ రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉండే మిత్రుడిది. ఎఫ్‌సీఐ ఫ్యాక్టరీ 1980లో మొదలైంది, పక్కనే ఎన్టీపీసీలో 1983లో మొదటి యూనిట్ నడిచింది. దేశం నలుమూలల నుంచి ఇంజనీర్లు వచ్చి గోదావరి ఒడ్డున కాపురాలు పెట్టారు. సింగరేణి బొగ్గు దుమ్ము పడే ఆ క్వార్టర్ల కిటికీల్లోంచి బెంగాలీ పాట, మలయాళం పాట, ఇంగ్లిష్ పాట అన్నీ వినిపించేవి. రాక్ మా జిల్లాకు ఆ కిటికీల్లోంచి, వరంగల్ ఆర్ఈసీలో చదివి సెలవులకు ఇల్లు చేరే అన్నల సంచుల్లోంచి వచ్చింది.

సీ-90 క్యాసెట్ అంటే ఒక్కో పక్క 45 నిమిషాలు. 1973 నాటి ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్ నిడివి 43 నిమిషాలు. 1975 నాటి విష్ యూ వర్ హియర్ 44 నిమిషాలు. ఒకటి ఈ పక్క, ఒకటి ఆ పక్క, కొలిచి కోసినట్టు సరిపోయాయి. నకలు తీసి ఇస్తూ షాపాయన దిగులుగా అన్నాడు: "నడుమ గడియారాలు మోగుతున్నయ్, ఇంకోచోట చిల్లర పైసల చప్పుడైతున్నది. టేపు ఖరాబైందేమో చూసుకో తమ్మీ." టైమ్ పాట ముందు గడియారాలు, మనీ పాట ముందు నాణేలు. పాటకు ముందు వచ్చే చప్పుడు కూడా పాటేనని ఆయనకు చెప్పడానికి ప్రయత్నించాను. ఆయన నా మొహం వంక చూసి, సరే అన్నాడు.

సీ-90లో టేపు పలచన. వానకాలం రాగానే చుట్టుకునేది, ఎండకాలం సాగేది. మూల స్క్రూలు విప్పి, చిక్కిన రిబ్బన్‌ను వేలి గోటితో సాపు చేసి, నలిగిన ముక్కను బ్లేడుతో ఏటవాలుగా కోసి, రెండు కొసలు పక్కపక్కన పెట్టి వెనక వైపు సన్నటి సెల్లో టేపు అంటించి, పెన్సిలు దూర్చి తిప్పుకోవడం అందరికీ వచ్చిన విద్య. రిబ్బన్ వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అంటించిన టేపు వెంట్రుకంత బయటికి వచ్చినా మళ్లీ చిక్కుతుంది. అతుకు పడిన చోట అరక్షణం పాట మాయమయ్యేది. ఇప్పుడు ఎంత శుభ్రమైన ప్రతి విన్నా నా చెవి ఆ అరక్షణం దగ్గర ఒకసారి తడబడి ముందుకు పోతుంది.

విష్ యూ వర్ హియర్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. పింక్ ఫ్లాయిడ్‌ను మొదట్లో నడిపినవాడు సిడ్ బారెట్. 1967లో వచ్చిన తొలి ఆల్బమ్‌లో చాలా పాటలు అతనే రాశాడు, అతనే పాడాడు. అప్పటికి 21 ఏళ్లు. ఆ ఏడాది ముగిసేసరికి మత్తుమందుల వల్లా మనసు చెదరడం వల్లా వేదిక మీద నిలబడి శూన్యంలోకి చూసే స్థితికి వచ్చాడు. 1968 జనవరిలో ఒక కచేరీకి పోతూ దారిలో అతన్ని ఎక్కించుకోవాలా అన్న మాట వచ్చింది. వద్దులే అనుకుని వెళ్లిపోయారు. అంతే. పంచాయితీ లేదు, పోట్లాట లేదు. ఒక మనిషిని వదిలేయడం అంత సులువుగా జరిగింది. తర్వాత 1970లో అతను సొంతంగా రెండు ఆల్బమ్‌లు చేశాడు. వదిలేసిన మిత్రులే వాటికి సాయం పట్టారు. ఆ పైన కేంబ్రిడ్జ్‌లో తల్లి ఇంటికి చేరాడు.

1975 జూన్ 5న లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో మిగతా నలుగురూ అతని మీద రాసుకున్న షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్ పని చూసుకుంటున్నారు. గుండు చేసుకుని, కనుబొమలు కూడా గీసేసుకున్న ఒక లావాటి మనిషి లోపలికి వచ్చాడు. ఎవరో స్టూడియో మనిషి అనుకున్నారు. అతనే సిడ్ అని కాసేపటి దాకా ఎవరూ పోల్చుకోలేదు. పోల్చుకున్నాక ఏడ్చారు. తన మీద కట్టిన పాట తయారయ్యే రోజునే వచ్చి, తనవాళ్లకే తెలియకుండా నిలబడ్డ మనిషి అతను. ఆల్బమ్‌లో ఆ పాట తొమ్మిది భాగాలు. అయిదు మొదట్లో, నాలుగు చివర్లో. నడుమ మూడు పాటలు. పాట మొదలై ఆగిపోయి, ఎవరెవరి సంగతులో విన్నాక, మనం మరిచిపోతున్నామనగా మళ్లీ వస్తుంది. వరుస మారిస్తే ఆ రావడం ఉండదు. పోయినవాడు తిరిగి రావడమే ఆ ఆల్బమ్. అందుకే దాన్ని ముక్కలుగా వినేవాళ్లతో నాకు పేచీ.

మా దగ్గర ముక్కలు చేయకూడని క్యాసెట్లు ఇంకా ఉన్నాయి. 1990 ఫిబ్రవరిలో గద్దర్ అజ్ఞాతం వీడి హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానంలో జనం ముందుకు వచ్చాక అతని పాటల బృందం జన నాట్య మండలి క్యాసెట్లు కొన్నాళ్లు బహిరంగంగా తిరిగాయి. 1992లో నక్సలైట్ పార్టీ పీపుల్స్ వార్ మీద నిషేధం రాగానే వాటికి భక్తి పాటల అట్టలు తొడిగారు. పైన దేవుడి బొమ్మ, లోపల డప్పు. వినేటప్పుడు గొంతు తగ్గించి పెట్టేవాళ్లు. నన్నడిగితే ఆ క్యాసెట్లలో పాట ఎంత గొప్పదో, పాటకూ పాటకూ నడుమ గద్దర్ మాట్లాడే మాట అంతకన్నా గొప్పది. జనాన్ని పేరుపేరునా పలకరించినట్టు మాట్లాడుతూ, నవ్విస్తూ, ఆ నవ్వు ఆరకముందే ఒక శవం దగ్గరికి తీసుకుపోయి నిలబెడతాడు. అప్పుడు పాట ఎత్తుకుంటాడు. ఆ మాట తీసేస్తే పాట గాలిలోంచి ఊడిపడ్డట్టు ఉంటుంది. ఒకటి మాత్రం ఆ క్యాసెట్ల వల్ల అన్యాయం జరిగింది. నకలు మీద నకలు తీసినవాటిలో రాసినవాళ్ల పేర్లు ఉండేవి కావు. ఆదిలాబాద్ జిల్లా లింగాపూర్‌లో పుట్టిన గూడ అంజయ్య పాటలను ఆయన జిల్లాలోనే చాలామంది గద్దర్ పాటలనుకుని పాడుకున్నారు. అంజయ్య 2016లో పోయాడు.

ఇళయరాజా 1986లో చేసిన హౌ టు నేమ్ ఇట్ కూడా నా దృష్టిలో ఈ కోవలోదే. త్యాగరాజుకూ బాఖ్‌కూ అంకితమిచ్చిన వాద్య సంగీతం. సినిమా లేదు, మాట లేదు, పేరు పెట్టి అడిగితే షాపులో ఇచ్చేవాళ్లు కాదు. రెండేళ్ల తర్వాత వచ్చిన నథింగ్ బట్ విండ్‌ను దానికన్నా మిన్న అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను.

ఇక కూలిన కథ.

1999లో రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ మూతపడింది. క్వార్టర్లు ఖాళీ అయ్యాయి. పోయేవాళ్లు లారీల్లో మంచాలు, బీరువాలు వేసుకున్నారు, క్యాసెట్ల డబ్బాలు పక్కింటివాళ్లకు ఇచ్చిపోయారు. ఆ తర్వాత గోదావరిఖనిలో, మంచిర్యాలలో సంతల పక్కన నేల మీద పరిచి అమ్మిన ఇంగ్లిష్ క్యాసెట్లు చూశాను. మీద పేర్లు రాసి ఉన్నాయి, తమిళంలో, బెంగాలీలో. అదే ఏడాది అమెరికాలో నాప్‌స్టర్ మొదలైంది. ఇంటర్‌నెట్‌లో పాటను ఒకరి నుంచి ఒకరు ఊరికే తీసుకునే పద్ధతి. 2003లో ఆపిల్ కంపెనీ పాటను విడిగా, ఒక్కోటి 99 సెంట్లకు అమ్మడం మొదలుపెట్టింది. ఆల్బమ్ మెడ మీద కత్తి పెట్టింది అదే.

మా దగ్గరికి ఆ కత్తి ఎంపీత్రీ సీడీ రూపంలో వచ్చింది. ఒక్క సీడీలో 150 పాటలు. గద్దర్ పాటలన్నీ ఒకే దాంట్లో. నడుమ మాటలన్నీ కోసేశారు, జాగా మిగలాలని. బీడీల అవ్వలు అడిగిన ఎల్లమ్మ కథ కూడా సీడీ అయింది. కానీ కరెంటు పోయి వచ్చిందంటే సీడీ మళ్లీ మొదటికి పోతుంది. టేపు ఆగిన చోటనే ఆగి ఉండేది. అవ్వ అన్నం తిని వచ్చేదాకా పరశురాముడు గొడ్డలి ఎత్తి అట్లనే నిలబడేవాడు.

2002 నుంచి ధూంధాం ఆటపాటల సభలు వచ్చాయి. తెలంగాణ ఉద్యమం ఊరూరా పాటను లేపింది. ఆ పాటలకు నేనూ గొంతు కలిపాను, నా ఒళ్లు ఇప్పటికీ గగుర్పొడుస్తుంది. అయినా నా అభిప్రాయం దాచుకోను. ఉద్యమం గొప్ప పాటలు వందలుగా ఇచ్చింది, గొప్ప ఆల్బమ్ ఒక్కటీ ఇవ్వలేదు. అప్పటికే పాట ఒంటరిదైపోయింది. ఆటో మైకులో ఒక్క పాట, ఫోను మోగితే ఒక్క చరణం. పక్కన ఏ పాట ఉండాలో ఆలోచించే తీరిక ఎవరికీ లేదు.

రికార్డింగ్ షాపాయన రెండు డెక్కుల టేపు తీసేసి కంప్యూటర్ పెట్టాడు. చిప్పులో పాటలు ఎక్కించడం కొత్త పని. "నాలుగు జీబీ నింపు అన్నా" అంటే నింపేవాడు. ఏం పాటలని అడిగేవాళ్లు తక్కువ, ఎన్ని పాటలని అడిగేవాళ్లు ఎక్కువ. ఆయన దగ్గర మిగిలిన క్యాసెట్లను పాత సామాన్ల బేరగానికి తూకానికి ఇచ్చాడు. కొన్నిటి రిబ్బన్ ఊడదీసి జొన్న చేల చుట్టూ కట్టారు. గాలికి అది రొద చేస్తుంది, ఎండకు మెరుస్తుంది, పిట్టలు వాలవు. ఏ పాటలు పిట్టలను తోలాయో! 2016 సెప్టెంబరులో జియో వచ్చాక చిప్పుల పని కూడా పోయింది. ఇప్పుడా షాపులో ఫోన్ల గ్లాసులు, కవర్లు అమ్ముతున్నాడు.

పింక్ ఫ్లాయిడ్ మాత్రం కోర్టుకు పోయింది. తమ ఆల్బమ్‌లను తమ అనుమతి లేకుండా పాటలుగా విడదీసి ఇంటర్‌నెట్‌లో అమ్మకూడదని ఈఎంఐ కంపెనీ మీద వేసిన కేసులో 2010 మార్చి 11న లండన్ హైకోర్టు వాళ్ల వైపే తీర్పు చెప్పింది. పేపర్లో ఆ వార్త చదివి నేను ఎంత సంబరపడ్డానో! ఆల్బమ్ ఒక్కటే వస్తువని, ముక్కలు కాదని ఒక న్యాయస్థానం ఒప్పుకుంది. ఆ సంబరం ఏడాది కూడా నిలవలేదు. 2011 జనవరిలో బృందం ఈఎంఐతో రాజీ చేసుకుంది. విడి పాటలు అమ్మకానికి వచ్చాయి. గెలిచినవాళ్లే చేతులెత్తేశాక ఇక కొట్లాడేదెవరు? వాళ్లకు పైసలు అవసరమై కాదు, కాలం అటు పోతున్నదని తెలిసి ఒప్పుకున్నారని నేను అనుకుంటాను. సిడ్ బారెట్ అప్పటికి లేడు. 2006 జూలై 7న, అరవై ఏళ్లకు, కేంబ్రిడ్జ్‌లోనే పోయాడు. బొమ్మలు గీసుకుంటూ, తోటపని చేసుకుంటూ బతికాడు చివరిదాకా.

తీర్పు వచ్చిన ఆ 2010లోనే మిద్దె రాములు కన్నుమూశాడు. ఎల్లమ్మ కథను ముక్కలు చేయొద్దని ఏ కోర్టులోనూ కేసు పడలేదు. యూట్యూబ్‌లో వెతికితే కథ దొరుకుతుంది. ఎవరో ఇష్టంగా క్యాసెట్లలోంచి ఎక్కించినవే, వాళ్లకు దండం పెడతాను. కానీ డోలు ఊపందుకునే చోట ప్రకటన వచ్చి పడుతుంది. సబ్బు గురించో, అప్పు గురించో ఎవరో అరుస్తారు. ఇంకొన్ని చోట్ల నవ్వు పుట్టించే ముక్కలు మాత్రమే కోసి పెట్టారు. వాటిని లక్షలమంది చూస్తారు. ఆ నవ్వు ఏ ఏడుపు ముందు వచ్చిందో వాళ్లకు తెలిసే దారి లేదు.

మా మిత్రులు కూర్చుంటే ఇప్పటికీ ఆల్ టైమ్ ఫేవరెట్ల గొడవ వస్తుంది. డార్క్ సైడ్‌ను మొదట పెట్టనివాణ్ని సంగీతం తెలియనివాడిగా చూస్తారు. నా వరుస మారలేదు. ఎల్లమ్మ కథ, దాని తర్వాత విష్ యూ వర్ హియర్, ఆ తర్వాత 1990 నాటి జన నాట్య మండలి సభల క్యాసెట్లు, హౌ టు నేమ్ ఇట్, అయిదో చోట డార్క్ సైడ్. అది తక్కువదని కాదు. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతో ముగిసే ఆ ఆల్బమ్‌లో ఎక్కడా ఒక్క లోటు లేదు. మొదటి విడతలోనే ఏడు వందల వారాలకు పైగా బిల్‌బోర్డ్ పట్టికలో నిలబడింది, ఇంకో వెయ్యి వారాలైనా నిలబడుతుంది. మిగతా నాలుగింటిలో ప్రతి దాంట్లో ఒక మనిషి లేని జాగా వినిపిస్తుంది నాకు. ఆ అయిదింటినీ ఎవరైనా వింటామంటే నా దగ్గర ఉన్నవి ఇస్తాను. వాళ్లు ఒక పూట ఖాళీ చేసుకోవాలి, ఫోను పక్కగదిలో పెట్టాలి.